శిలా కూర్మము



నేడు నేను మీతో ముచ్చటింపదలచినది తాబేటిని గూర్చి. అది పురాణములోని తాబేలు కాదు; మన చెఱువులలోని తాబేలును కాదు. కోట్ల సంవత్సరములకు పూర్వము బ్రతికి, చచ్చి, బురదలో పూడి, క్రమముగా రాయియైన తాబేలు. డైనోసారులనబడు మహాకాయములైన సరీసృపములు భూమిపై సంచరించిన కాలమున, వాని పాదముల చెంతనే మెల్లగా నడచిన తాబేలు. ఈ విషయము నెన్నుకొనుటకు కారణము కలదు. పూర్వము నేనొక గ్రామమునకు తప్పుమాట చెప్పితిని. తెలిసి చెప్పినది కాదు. ఐనను పండితుడు చెప్పిన తప్పు పామరుడు చెప్పిన తప్పుకంటె ఎక్కువ దూరము పోవును. ఆ మాట నేటికిని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో అక్కడక్కడ నా చెవిని బడుచున్నది. నోట విడిచిన తప్పును నోటితోనే దిద్దుకొనవలయును గనుక ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

ఇప్పటికి ముప్పది యేండ్లు గడచినవి. వేంపల్లెకును పులివెందులకును నడుమనున్న యొక పల్లెలో నేను తెలుగు పండితుడనుగా నుంటిని. ఒకనాడు గొఱ్ఱెల కాపరి కొడుకొకడు, నా తరగతిలో చదువువాడు, కొండ క్రింద దొరికిన రాతిని గోనెసంచిలో వేసికొని మోసుకొని వచ్చెను. "అయ్యవారూ, తాబేలు రాయైపోయింది, చూడండి" అనెను. అది బోర్లించిన పెద్ద మూకుడంత యుండెను. పైభాగము ఉబ్బుగా నుండెను. ఆ యుబ్బుమీద చిన్న చిన్న బొప్పులును, ప్రతి బొప్పుమీద వలయములో వలయముగా గీతలును కనబడెను. మన మెట్టభూములలో తిరుగు నక్షత్ర తాబేటి వీపును చూచినవారెవరైనను అది తాబేలే యందురు. నేనును అంటిని. "ఇది యుగములనాటి కూర్మము, శిలయైనది" అని తరగతిలో చెప్పితిని. సాయంకాలమునకు ఆ మాట ఊరంతయు వ్యాపించెను.

పెద్దలు వచ్చి చూచిరి. అయ్యవారు చెప్పినారు గనుక నిజమే యనిరి. రాతిని ఊరి నడుమ వేపచెట్టు క్రింది యరుగుమీద నిలిపి పసుపు కుంకుమ లిడిరి. అంతవరకు ఏ బాధయు లేదు. కాని వానలు తప్పిన యొక యేడు స్త్రీలు బిందెలతో నీళ్లు తెచ్చి ఆ రాతిపై పోసిరి. కూర్మము నీటి ప్రాణి గదా, అది చల్లబడిన వాన పడునని వారి నమ్మకము. ఆ నీళ్లు ఊరిబావిలోనివి కావు, అది యెండియుండెను. రెండు మైళ్లు నడచి మోసి తెచ్చిన నీళ్లు. నేను చూచుచు ఊరకుంటిని. అప్పటికి నాకును అది తాబేలే.

తరువాత కొంతకాలమునకు భూగర్భశాస్త్రము బోధించు నొక అధ్యాపకుడు శిష్యులతో కూడ కొండలను పరిశీలించుటకై అటు వచ్చెను. నేను గర్వముతో ఆయనను వేపచెట్టు కడకు గొనిపోతిని. ఆయన రాతిని అద్దముతో చూచెను, మెల్లగా ఎత్తి అడుగుభాగమును చూచెను, నవ్వలేదు. నన్ను మూడు ప్రశ్న లడిగెను. దీని ప్రక్కటెముక లెక్కడ? ఈ బొప్పుల లెక్క యెంత? ఈ కొండ వయస్సెంత? నే నొకదానికిని ఉత్తరము చెప్పలేకపోతిని. ఆ మూడు ప్రశ్నలకు ఉత్తరములు నేర్చుకొనుటకు నాకు చాల యేండ్లు పట్టినది. నేర్చుకొన్నది మీకు చెప్పెదను.

మొదటి ప్రశ్న ఎముకలను గూర్చినది. తాబేలు తన యిల్లు తానే మోయునని మనము పిల్లలకు చెప్పుదుము. అది సరికాదు. చిప్ప తాబేటి యిల్లు కాదు, దాని యొడలే. ఒక కళాశాలలోని జంతుశాస్త్ర శాలలో, నిలువున రెండుగా కోసియుంచిన తాబేటి యస్థిపంజరమును నేను చూచితిని. పైచిప్పను లోపలినుండి చూడగా నడిమిని వెన్నెముక చిప్పకు అతుకుకొని యున్నది. దానికి ఇరుప్రక్కల ప్రక్కటెముకలు వెడల్పైన పలకలుగా మాఱి, ఒకదానితో నొకటి కలిసికొని, పైకప్పుగా నేర్పడినవి. సాధారణముగా ఇట్టి ప్రక్కపలకలు 8 జతలుండును. వెన్నుమీద ఒక వరుస నడిమిపలకలు, చుట్టును అంచుపలకలు, మెడ వద్ద నొక పలక, తోక వద్ద నొకటి రెండు. అడుగుచిప్ప వేఱు. నేటి తాబేళ్లలో పెక్కింట అది 9 యెముకల కూర్పు. ప్రాచీన జాతులలో కొన్నింట అంతకు మించియుండును.

ఇందులో నొక వింత కలదు. మీరిప్పుడే మీ చేతిని వెనుకకు త్రిప్పి వీపును తడవి చూడుడు. భుజపుటెముక, అనగా రెక్కయెముక, ప్రక్కటెముకలకు వెలుపల దొరకును. మనకే కాదు, ఎద్దునకును, గొఱ్ఱెకును, కోడికిని అట్లే. తాబేటికి మాత్రము ఆ యెముక ప్రక్కటెముకల గూటికి లోపల నుండును. వెన్నెముకగల ప్రాణులలో ఇట్టి యమరిక మఱి దేనికిని లేదు. ప్రక్కటెముకలు కదలవు గనుక మనవలె ఱొమ్ము నుబ్బించి ఊపిరి పీల్చుట దానికి సాధ్యము కాదు. కడుపులోని కండరములచేతనే ఊపిరితిత్తులను ఆడించును. కాబట్టి రాతిలో తాబేటిని గుర్తింపవలెనన్న పైయుబ్బును చూచిన చాలదు. త్రిప్పి అడుగున చూడవలయును. అక్కడ వెన్ను, ప్రక్కటెముకలు, వాని యతుకులు కనబడవలయును. మా ఊరి రాతి యడుగున ఏమియు లేదు; పొరలు పొరలుగా రాయియే యున్నది.

రెండవ ప్రశ్న లెక్కను గూర్చినది. ఎముక పలకలపైన మన గోళ్లవంటి కొమ్ముపదార్థముతో నైన పెంకులు కప్పియుండును. సాధారణముగా నడిమి వరుసలో 5, ఇరుప్రక్కల నాలుగేసి, అంచున 12 జతలు. అంచు పెంకుల లెక్క జాతినిబట్టి కొంచెము మాఱవచ్చును గాని, కుడిఎడమల పొందిక మాఱదు. పెంకుల యతుకులును వాని క్రింది యెముకల యతుకులును ఒకచోట పడవు. ఇంటి గోడలో ఇటుక అతుకుమీద ఇటుక అతుకు పడకుండ పేర్చుట మీరెఱుగుదురు గదా. చిప్ప బలము కూడ అట్టిదే. చచ్చిన తాబేటి పెంకులు కుళ్లిపోవును, ఎముక మిగులును. కాని పెంకుల యతుకులున్నచోట ఎముకమీద సన్నని గాడులు నిలిచియుండును. ఎముకల యతుకు గీతలు, పెంకుల గాడులు, ఈ రెండును ఒకదాని నొకటి దాటుచు శిలాజముమీద కనబడును. అది తాబేటి చేవ్రాలు. దానిని మఱి యే ప్రాణియు చేయజాలదు.

ఇక మా రాతి సంగతి. బొప్పులను లెక్కించితిని. ఒకవైపు మూడు, ఒకవైపు అయిదు. వరుసయు లేదు, జతయు లేదు. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి. నన్ను మోసగించినవి ఆ వలయములు. నక్షత్ర తాబేటి వీపున ఏటికేడు పెరుగుదలచే నేర్పడు వలయములు పెంకులోనివి, ఎముకలోనివి కావు. పెంకు సాధారణముగా నశించునది. కావున శిలాజమున ముందు పోవలసిన గుఱుతులే మా రాతిమీద నిండుగా నుండుట అనుమానింపదగిన విషయము. దేనిని చూచి తాబేలంటినో అదియే తాబేలు కాదనుటకు సాక్ష్యము.

తర్కము చదివినవారు ఉపమానమును ఒక ప్రమాణముగా నంగీకరింతురు. గోవువంటి మృగము గవయమని ఆటవికుని వలన విని, అడవికి పోయి గవయమును గుర్తించినవాని కథను నేనే పిల్లలకు చెప్పియుంటిని. కాని ఆ కథలో చెప్పినవాడు గవయమును చూచినవాడు. నేను శిలాకూర్మమును ఎన్నడును చూచినవాడను కాను. చూడనివాడు పోలికచేత నిశ్చయించుట ప్రమాణము కాదు, భ్రమ. చదువుకొన్న తర్కము సమయమునకు నాకు అక్కఱకు రాలేదు.

మూడవ ప్రశ్న కొండ వయస్సును గూర్చినది. ఇది మన మూడు తాలూకాల వారెల్లరును తెలిసికొనదగినది. మన జిల్లా రాళ్లు లోకప్రసిద్ధములు. కడప బండ యను పేరు ఇండ్లు కట్టువారికి దూరదేశములలోను తెలియును. శాస్త్రజ్ఞులు మన యూళ్ల పేర్లనే రాళ్లకు పెట్టినారు. అడుగున గువ్వలచెరువు శిలలు, వానిపై వేంపల్లె శిలలు, వానిపై పులివెందుల శిలలు, తరువాత తాడిపత్రి శిలలు, ఆపైన గండికోట శిలలు. పెన్నానది కోసికొనిపోయిన గండికోట లోయ గోడలలో ఈ పొరలలో కొన్ని పుస్తకపు పుటలవలె కనబడును. తుమ్మలపల్లెలో యురేనియము త్రవ్వుచున్నది వేంపల్లె శిలలలోనుండియే. జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల వైపున నాపరాళ్లకును సిమెంటు కర్మాగారములకును ఆధారమైన నర్జి సున్నపురాయి వీనికంటె తరువాతి తరగతికి చెందినది. దానిని కర్నూలు తరగతి యందురు. ఈ రెండు తరగతులను గూర్చి విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో పెద్ద గ్రంథము ప్రకటించెను.

వీని వయస్సును ఎట్లు తెలిసికొందురని మీరడుగవచ్చును. పులివెందుల సమీపమున, తాడిపత్రి పొరలలోనికి భూగర్భమునుండి కరగిన శిల చొచ్చుకొనివచ్చి గడ్డకట్టినది. అట్టి శిలలోని కొన్ని ఖనిజములలో యురేనియము మిక్కిలి మెల్లగా సీసముగా మాఱును. ఆ మార్పు వేగము తెలిసినది గనుక, ఎంత మాఱినదో కొలిచి కాలమును గణింతురు. ఆ శిల వయస్సు సుమారు 189 కోట్ల సంవత్సరములు. గోడ కట్టిన పిమ్మటనే గదా దానిలోనికి మేకు దిగును. కావున తాడిపత్రి పొర అంతకంటె పాతది. దాని క్రిందనున్న వేంపల్లె పొర ఇంకను పాతది.

తాబేలో? ప్రపంచమున నెక్కడ వెదకినను తాబేటి తెగకు చెందిన స్పష్టమైన శిలాజములు 22 కోట్ల సంవత్సరములకు అటునిటు మొదలగును. ఆ లెక్కను మన పంచాంగముతో చెప్పెదను. 190 కోట్ల సంవత్సరములను ఒక్క సంవత్సరమని భావింపుడు. వేంపల్లె రాయి ఉగాదినాడు పుట్టినదనుకొందము. చైత్ర వైశాఖములు గడచును. శ్రావణ భాద్రపదములు గడచును. దీపావళియు సంక్రాంతియు వచ్చి పోవును. తాబేటి జాడ లేదు. మాఘ పున్నమి దాటిన నాలుగైదు దినములకు తాబేలు తొలిసారి కనబడును. ఫాల్గుణ పున్నమి గడచిన రెండుమూడు దినములకు డైనోసారులు నశించును. మనుష్యుడు మఱుసటి యుగాదికి ముందటి రాత్రి, చివరి గంటన్నర లోపల పుట్టును. ఉగాదినాటి రాతిలో మాఘమాసపు ప్రాణి యెట్లుండును? తాత పెండ్లి పందిటిలో మనుమడు పీటలు వేసెనన్నట్లు నేను చెప్పిన మాట.

మఱి ఆ రాయి యేమి? దానికి స్ట్రొమటోలైటు అని పేరు. తెలుగున పొరలరాయి యనవచ్చును. అది కూడ ప్రాణుల పనియే. వేంపల్లె ప్రాంతము లోతులేని సముద్రముగా నున్నపుడు కంటికి కానరాని సూక్ష్మజీవులు అడుగున జిగురు చాపవలె పెరిగినవి. నీటిలోని సన్నని మట్టియు సున్నమును ఆ జిగురుపై పేరుకొనెను. వెలుతురుకొఱకు జీవులు మఱల పైకి వచ్చి మఱియొక చాప పఱచెను. ఇట్లు పొరమీద పొరగా పెరిగి గుబ్బలు కట్టినవి. గుబ్బ పైభాగము అరిగినచో పొరలు వలయములుగా కనబడును. ఆస్ట్రేలియా పడమటి తీరమున షార్కు అఖాతములో ఇట్టివి నేటికిని పెరుగుచున్నవి. ఈ సూక్ష్మజీవులే ఎండను గ్రహించి ప్రాణవాయువును విడిచినవి. గాలిలో నేడు మనము పీల్చు ప్రాణవాయువునకు తొలి మూలధనము కూర్చినవి అవియే. మా వేపచెట్టు క్రింది రాయి తాబేలు కాకపోయినను తక్కువది కాదు. తాబేటికి ఊపిరి యిచ్చినవారి వంశములోనిది.

ఈ మూడు తాలూకాలలో శిలాకూర్మము దొరకకపోవుటకు కారణ మిప్పుడు మీకు తెలిసినది. కొండలు మిక్కిలి పాతవి. కర్నూలు తరగతి రాళ్లు తరువాతివైనను డైనోసారులకు చాల ముందువే. పెన్నా కుందూ నదుల ఒండ్రుమట్టి మిక్కిలి క్రొత్తది. మన తాళపత్ర గ్రంథమున మొదటి పత్రములును చివరి పత్రములును ఉన్నవి. నడిమి పత్రములు లేవు. ఆ నడిమి పత్రములు మన తెలుగుదేశముననే ఉత్తరమున, గోదావరి ప్రాణహితల లోయలో ఉన్నవి. మన కడప రాళ్లను చదివిన విలియం కింగే ఆ లోయను గూర్చియు 1881లో గ్రంథము ప్రకటించెను.

ప్రాణహిత యొడ్డున, మహారాష్ట్రలోని సిరొంచ ప్రాంతమున, కోట యను గ్రామము కలదు. ఆ ప్రాంతమున తెలుగు మాటాడువారు పెక్కుమంది. ఆ గ్రామము పేర కోట శిలలని పిలువబడు పొరలు నదికి ఈవలనున్న తెలంగాణమునకును వ్యాపించినవి. అవి జురాసిక్ యుగమున, అనగా 20 కోట్ల ఏండ్ల క్రిందటినుండి 14 కోట్ల 50 లక్షల ఏండ్ల క్రిందటివరకు నడచిన యుగమున, మొదటిభాగమందో మధ్యభాగమందో ఏర్పడినవి. నదులు, చెఱువులు, మడుగులు గల దేశమది. ఆ పొరలలో దొరికిన మహాకాయములు రెండు. ఒకటి బరపాసారస్, కలకత్తాలోని భారత గణాంక సంస్థవారు వెలికి తీసినది, 1975లో దానికి రవీంద్రనాథ ఠాకూరు పేరు చేర్చి నామకరణము చేసిరి. రెండవది కోటసారస్, భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన యాదగిరి 1988లో వర్ణించినది, నాటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి పేరును దానికి చేర్చిరి. దాని యస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిపినారు. మీ పిల్లలు ఆ నగరమునకు పోయినపుడు తప్పక చూడవలయును.

ఆ మహాకాయముల చెంతనే మన తాబేలును ఉండెను. భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన దత్త, మన్నా, ఘోష్, దాస్ అను నలుగురు శాస్త్రజ్ఞులు 2000 సంవత్సరమున దానిని లోకమునకు తెలిపిరి. భారతదేశమున దొరికిన తొలి జురాసిక్ తాబేలు అది. దాని పేరు ఇండోకెలిస్ స్పాటులాటా. కెలిస్ అనగా గ్రీకు భాషలో తాబేలు. ఇండోకెలిస్ అనగా భారత కూర్మము. దానిని గుర్తించుటకు ప్రధానాధారము చిప్పయే. కండ్లు, మెడ, కాళ్లు చూచి కాదు. పలకల పొందికను, పెంకుల గాడులను చదివి దాని వంశమును నిర్ణయించిరి. అధ్యాపకుడు నన్నడిగిన మొదటి రెండు ప్రశ్నలకు ఆ చిప్ప ఉత్తరము చెప్పినది. దాని చుట్టునున్న రాయి మూడవదానికి చెప్పినది.

డైనోసారుల కడపటి కాలమునాటి తాబేళ్లు మఱి రెండు తావుల దొరికినవి. మహారాష్ట్రలోని చంద్రపూరు జిల్లాలో పిస్దూర యను గ్రామము కలదు. 19వ శతాబ్ది మధ్యమున నాగపూరులో నున్న క్రైస్తవ మతబోధకుడు స్టీఫెన్ హిస్లాప్ అక్కడి శిలాజములను సేకరించెను. అక్కడి తాబేటి పుఱ్ఱెను సోహన్‌లాల్ జైన్ అను శాస్త్రజ్ఞుడు 1977లో వర్ణించెను. తరువాత 2020లో ఇతర పండితులు దానిని మఱల పరిశీలించి, ఆయన పేరనే జైనెమిస్ అని పిలిచిరి. రెండవ తావు తమిళనాడులోని అరియలూరు ప్రాంతమున కల్లమేడు. అక్కడి తాబేటిని 2001లో గాఫ్నీ, శంకర్ చటర్జీ, రుద్ర అను మువ్వురు వర్ణించి కూర్మదెమిస్ అని పేరిడిరి. అందలి మొదటి శబ్దము మన కూర్మావతారమునుండి గ్రహింపబడినదే. మన పురాణశబ్దము పాశ్చాత్య శాస్త్రగ్రంథమున ఒక శిలాజమునకు పేరై నిలిచినది.

ఈ రెండును మెడను ప్రక్కకు వంచు జాతివి. మన చెఱువు తాబేలు తలను లోపలికి లాగుకొనునపుడు మెడను నిలువుగా వంచి నేరుగా వెనుకకు తీసికొనును. మఱియొక తెగ తాబేళ్లు మెడను అడ్డముగా మడిచి తలను చిప్ప యంచు క్రింద ప్రక్కగా దాచుకొనును. వానికి కటియెముక చిప్పకు గట్టిగా అతుకుకొని యుండును. నేడు భారతదేశమున ఆ తెగ సహజముగా లేదు. ఆఫ్రికా, మడగాస్కరు, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో గలదు. కల్లమేటి కూర్మమునకు దగ్గఱి బంధువు మడగాస్కరు రాళ్లలో దొరకగా 2009లో దానిని వర్ణించిరి. నడుమ మహాసముద్రము, ఇరుప్రక్కల బంధువులు! కారణ మేమనగా, మన భూఖండము మడగాస్కరుతో కలిసియుండి సుమారు 8 కోట్ల 80 లక్షల ఏండ్ల క్రిందట విడిపోయినది. అన్నదమ్ములు వేఱుపడిన పిమ్మటను ముఖకవళికలు నిలిచినట్లు, తాబేటి యెముకలలో ఆ పూర్వసంబంధము నిలిచినది.

ఇక తాబేటికి చిప్ప యెట్లు వచ్చినదను ప్రశ్నకు ఇతర దేశముల శిలాజములు తోడుపడుచున్నవి. చైనా దేశపు ఒడొంటోకెలిస్ 2008లో ప్రకటింపబడినది; 22 కోట్ల ఏండ్లనాటిది. దానికి అడుగుచిప్ప నిండుగా నున్నది. పైచిప్ప యింకను ఏర్పడలేదు. ప్రక్కటెముకలు వెడల్పైనవి మాత్రమే. నోట పండ్లును ఉన్నవి. జర్మనీ దేశపు ప్రోగానోకెలిస్ సుమారు 21 కోట్ల ఏండ్లనాటిది. దానికి రెండు చిప్పలును ఉన్నవి. మెడమీదను తోకమీదను ముండ్లున్నవి. కాని తలను లోపలికి ముడుచుకొను శక్తి లేదు. భగవద్గీతలో స్థితప్రజ్ఞునకు అంగములను ముడుచుకొను కూర్మము పోలికగా చెప్పబడినది గదా. ఆ విద్య తాబేటికి పుట్టుకతో వచ్చినది కాదు. ముందు కవచము, చాలకాలమునకు నిగ్రహము. అమెరికాలో 1895లో దొరికిన ఆర్కెలాన్ అను సముద్రపు తాబేలు ముక్కునుండి తోకవరకు సుమారు 15 అడుగులు. ఇన్ని రూపములు పొందిన యీ వంశము, 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట డైనోసారులను నశింపజేసిన మహావిపత్తును దాటి మన చెఱువు గట్టువరకు వచ్చినది. పెద్దవి పోయినవి, మెల్లగా నడచినది మిగిలినది.

ఈ సంగతులన్నియు నేర్చిన పిమ్మట ఆ పల్లెకు వెంటనే పోయి చెప్పవలసినవాడను. చెప్పలేదు. మొదట బదిలీ యైనదని యనుకొంటిని. తరువాత వారికి బాధ కలుగునని యనుకొంటిని. నిజమునకు కారణము సిగ్గు. ఉద్యోగము విరమించిన పిమ్మట ఒకనాడు పోయితిని. రాయి అక్కడనే, పసుపుతో, ఉన్నది. పెద్దలను కూర్చుండబెట్టి, "ఇది తాబేలు కాదు, నేను తెలియక చెప్పితిని, తాబేటికంటె ఎన్నో రెట్లు పాతది" అని సమస్తము వివరించితిని. పూజ మానుడని నేను చెప్పలేదు. శ్రీకూర్మమున కూర్మనాథుని కొలుచువారు శిలాజమును చూచి కొలుచుట లేదు. భక్తికి భూగర్భశాస్త్రపు ముద్ర అక్కఱలేదు. ఐతే అయ్యవారి మాటయని నమ్మినదానిని అయ్యవారే దిద్దవలయును.

కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. అప్పుడొక ముదుసలి, నాడు బిందె మోసినవారిలో నొకతె, అడిగెను: "అయ్యవారూ, అయితే మేం మోసిన నీళ్లన్నీ వృథా పోయినట్టేనా?" నాకు మాట రాలేదు. ప్రక్కనున్న రైతు ఆ వేపచెట్టు వైపు తల యెత్తి చూచి, "యాడికీ పోలేదులే అవ్వా, యాపచెట్టు తాగింది" అనెను. ఆమె నవ్వెను. నేను కన్నీళ్లు తుడుచుకొంటిని.

పెద్దలారా, మీ పొలములలో, బండలు తీయు గనులలో, వాగుల గట్టున వింతరాళ్లు కనబడుచుండును. వానిని పగులగొట్టవలదు, చోటు మార్చవలదు. రాయి ఏ చోట, ఏ పొరలో నున్నదో అదియే దాని జాతకము. చోటు తప్పిన రాయి జాతకము పోగొట్టుకొన్న బిడ్డవంటిది. చోటును గుఱుతుంచుకొని తెలిసినవారికి కబురంపుడు. తెలిసినవారు వచ్చువరకు ఆ మూడు ప్రశ్నలను మీరే వేసికొనుడు. లోపలి నిర్మాణ మేమి? లెక్క సరిపోయినదా? కొండ వయస్సెంత? ఉత్తరము తెలియనిచో తెలియదని పిల్లలకు చెప్పుడు. నేను నాడు ఆ బాలునితో "నాకు తెలియదు, కనుగొందము" అని యుండినచో ఆ స్త్రీలకు ఆ నడక తప్పియుండెడిది.